ఖాళీ గడి లేకుండా

సూళ్లూరుపేట,
9 జూన్ 2024

అత్తా,

ముందు నీ అనుమానం తీరుస్తాను. ఉద్యోగం పోలేదు, ఎవరితోనూ లేచిపోలేదు. ఉత్తరం ఎందుకంటే, నీకు చెవులు వినపడవు కాబట్టి ఫోను కుదరదు. మెసేజి పెడదామంటే పక్కింటి అబిగయీలక్క ఫోనుకే పెట్టాలి. ఆమె చదివిందంటే సాయంత్రానికల్లా కొడవలూరు సంఘమంతటికీ అది ప్రార్థన అంశం అయిపోతుంది. నా మొహం కోసం ఊరంతా మోకాళ్లూనడం నాకిష్టం లేదు.

అవును, విషయం నా మొహమే. నా పని నీకు తెలుసు కదా, సెల్‌ఫోన్లలో పెట్టే చిన్న పలకల మీద అతుకులు సరిగ్గా పడ్డాయో లేదో భూతద్దంలో చూడటం. ఎనిమిది గంటలూ తలకు టోపీ, మూతికి మాస్కు తీయకూడదు. ఆ చెమటకు గడ్డం మీదా దవడల మీదా మొటిమలు గడ్డల్లా లేచి చీము పట్టాయి. మాస్కు తీస్తే దానికి అంటుకుని వస్తాయి. భోజనాల దగ్గర నా ఎదురుగా ఎవరూ కూర్చోవడం లేదు. మొన్న ఒకమ్మాయి అరవంలో ఏదో అంటే బల్లంతా నవ్వింది. నాకు అరవం తెలుసని వాళ్లకు తెలియదు.

నాయుడుపేటలో చర్మం డాక్టరుకు చూపించుకున్నాను. కాప్సుల్స్ రాశాడు, డాక్సీ అంటారట, రోజుకొకటి. మొటిమలకు యాంటిబయాటిక్ ఏమిటని అడిగితే లోపల క్రిములుంటాయి, వాటికీ వాపుకూ పనిచేస్తుంది అన్నాడు. ఇంకా చాలా చెప్పాడు. చేత్తో రాస్తూ నోటితో చెబుతూ ఉంటే నాకు సగమే ఎక్కింది. ఆరు వారాలయ్యాక మళ్లీ వచ్చి కనబడాలన్నది మాత్రం గట్టిగా చెప్పాడు.

ఇప్పుడు అసలు బాధ. పొద్దున అయిదింటికి ఫ్యాక్టరీ బస్సు. బస్సులో కూర్చుని కాప్సుల్ నోట్లో వేసుకుని, ఉమ్మితోనే మింగేసి, కిటికీకి తలవాల్చి నిద్రపోతాను. మూడు రోజుల కిందట గొంతు కింద, రొమ్ము ఎముక వెనకాల నిప్పు పెట్టినట్టు మండింది. అన్నం ముద్ద దిగలేదు. నిన్న నీళ్లు కూడా దిగలేదు. ఈ మందు నాకు పడదేమో. మానేయనా?

నా గదిలో ఉండే వినీల, కోవూరు అమ్మాయి, మజ్జిగ తాగిస్తోంది. మంచి పిల్ల. గురక పెడుతుంది.

నీ క్యాథరిన్


కొడవలూరు,
15 జూన్ 2024

క్యాథరిన్ తల్లీ,

నీ ఉత్తరం అందింది. లేచిపోలేదని తెలిసి సంతోషం. లేచిపోతే కనీసం పెళ్లి జాకెట్టు కుట్టే పనైనా నాకు ఉండేది.

మందు నీకు పడకపోవడం కాదు, నీకు మింగడం రాక. మన సబ్ సెంటర్ నర్సమ్మ సమాధానం దగ్గరికి నీ ఉత్తరం పట్టుకుపోయాను. ఆమె చదివి తల పట్టుకుంది. నాకు వినపడదు కాబట్టి అన్నీ కాగితం మీద రాసిచ్చింది. ఆ కాప్సుల్ నీళ్లు లేకుండా మింగితే గొంతులోనే అతుక్కుని అక్కడ పుండు చేస్తుందట. గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి. వేసుకున్నాక అరగంట నిటారుగా కూర్చోవాలి, వాలకూడదు. పాలతో వద్దు. ఐరన్ మాత్రకూ కడుపు మంట మాత్రకూ దీనికీ రెండు మూడు గంటల ఎడం ఉండాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. ఎండలో తిరిగితే చర్మం కాలుతుంది. గర్భవతులు వేసుకోకూడదు. అది నీకు అక్కర్లేదనుకుంటాను. నాలుగు రోజులు ఆపి, గొంతు మానాక అన్నం తిన్న తరువాత మొదలుపెట్టు. మొదలుపెట్టాక ఒక్క రోజు కూడా మానకు.

ఎందుకు చెబుతున్నానో నీకు తెలుసు. అయినా మళ్లీ చెబుతాను, చెప్పడం నా హక్కు. మీ నాన్న హెబ్రోను క్షయ మందులు రెండు నెలలు మింగి, ఒళ్లు తేలికపడిందని ఆపేశాడు. మా అన్న నవ్వుతూ ఆపేశాడు. తరువాత ఏ మందూ పనిచేయలేదు. ఆయనకు చాకిరీ చేసి నేను ఆ రోగం తెచ్చుకున్నాను. నేనూ అదే తెలివి చూపించాను. దగ్గు తగ్గగానే ఆపేశాను. అది మొండి రోగమై తిరగబడితే ఆరు నెలలు సూదులు వేశారు. ఆ సూదులు ప్రాణం నిలిపి చెవులు తీసుకుపోయాయి. ఈ రోజు నా కుట్టు మిషను తిరుగుతోందా లేదా అన్నది అరచేతికి తెలియాల్సిందే.

మందు ఆపితే ఏమవుతుందో మన ఇంట్లో ఒకరు సమాధిలో ఉండి చెబుతున్నారు, ఒకరు మిషను దగ్గర కూర్చుని చెబుతున్నారు.

దీనితో ఒక కార్డు పంపుతున్నాను. నా వైద్యం రోజుల్లో నాకు ఇలాంటిదే ఉండేది. శుభలేఖ వెనక గీశాను, నలభై రెండు గడులు. కాప్సుల్ వేసుకున్నప్పుడల్లా ఒక టిక్కు పెట్టు. నిండాక నాకు పంపు. ఖాళీ గడి కనబడకూడదు.

అత్త మగ్దలీనమ్మ


సూళ్లూరుపేట,
28 జులై 2024

అత్తా,

ఇదిగో నీ కార్డు. నలభై రెండుకు నలభై రెండు. వినీల దీన్ని చూసి నీ అత్త స్కూలు హెడ్‌మాస్టరా అని అడిగింది. అంతకన్నా ఎక్కువ అన్నాను.

నీ ఉత్తరం వచ్చేలోపే మింగలేక వారం ఆపాను, అప్పటికే గొంతు మంట పూర్తిగా పోయింది. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. క్యాంటీనులో టిఫిను తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో, వేసుకుని నిటారుగా కూర్చుని. మొహం నువ్వు చూస్తే గుర్తుపట్టవు. గడ్డలన్నీ అణిగాయి. దవడ కింద నాలుగైదు మాత్రం మిగిలాయి. మొన్న భోజనాల దగ్గర ఆ అరవం అమ్మాయే వచ్చి ఎదురుగా కూర్చుంది. నేను ఆమెతో అరవంలో సాంబారు ఇటు జరపమన్నాను. ఆమె ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అత్తా, ఈ ఏడాదిలో నేనంత సంతోషంగా ఎప్పుడూ అన్నం తినలేదు.

ఒక సంగతి అడగాలి. ఆరు వారాలయ్యాయి. డాక్టరు వచ్చి కనబడమన్నాడు. కానీ వారంలో ఒక్క ఆదివారమే సెలవు, ఆదివారం ఆయన ఉండడు. జనవరిలో కొంతమందిని పర్మనెంటు చేస్తారట. మా సూపర్‌వైజర్ నరేంద్రబాబు గారు సెలవు చీటీ చూస్తేనే మొహం అటు తిప్పుకుంటారు. ఇక్కడ స్టేషను దగ్గర మందుల షాపు గిరిబాబు, చీటీ లేకపోయినా ఇస్తాడు. ఆయన్ను అడిగితే "తగ్గిందంటున్నావు గదమ్మా, అదే వాడుకో పో, ఏం గాదు" అన్నాడు.

ఇంకా వాడాలా, ఆపాలా? నీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదు.

క్యాథరిన్


కొడవలూరు,
3 ఆగస్టు 2024

క్యాథరిన్‌కు,

కార్డు చూశాను. ఒక్క గడి కూడా వదల్లేదు. మీ నాన్నకు నీ బుద్ధిలో సగం ఉన్నా ఈ రోజు బతికి ఉండేవాడు. కార్డును బైబిల్లో పెట్టుకున్నాను.

నీ ప్రశ్నకు జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. నాలుగైదు మిగిలాయి అన్నావు. మిగిలాయంటే రోగం పోలేదు, దాక్కుంది. నాకూ దగ్గు పోయింది, కాని రోగం పోలేదు. తగ్గింది అనిపించే రోజే అసలైన పరీక్ష. పూర్తిగా పోయేదాకా ఆపకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్లినా ఇదే చెబుతాడు. దానికోసం సెలవు పెట్టి పర్మనెంటు పోగొట్టుకోవడం ఎందుకు?

నర్సమ్మ సమాధానాన్నే అడుగుదామనుకున్నాను. పాపం ఆమెకు ఉదయగిరి అవతలికి బదిలీ అయింది. కొత్తగా వచ్చిన నర్సమ్మ నేను చెవిటిదాన్నని తెలిసి గట్టిగా అరుస్తుంది తప్ప కాగితం మీద రాయదు. ఆమె నోరు తెరిచినప్పుడల్లా పళ్లన్నీ లెక్కపెట్టుకుని వస్తున్నాను.

ఇక్కడ నాట్లు అయ్యాయి. పాస్టరు గారి కూతురి పెళ్లికి పదకొండు జాకెట్లు వచ్చాయి, అందరికీ ఒకే రంగు, ఒక్కరికీ ఒకే కొలత లేదు.

కొత్త కార్డు పంపుతున్నాను, పాతది నిండాక వేసుకున్నవాటికీ ఇందులోనే టిక్కు పెట్టు. ఈసారి ఎనభై నాలుగు గడులు. భయపడకు, రోజుకొకటే కదా.

అత్త


సూళ్లూరుపేట,
20 అక్టోబరు 2024

అత్తా,

కార్డు నిండింది, పంపుతున్నాను. మొహం మీద ఇక ఏమీ లేదు, మచ్చలు తప్ప. ఇంటికి వస్తే నువ్వే చూస్తావు.

నెల రోజులుగా తలనొప్పి వస్తోంది. మొదట భూతద్దం వల్లేమో అనుకున్నాను. కాని సెలవు రోజున కూడా వస్తోంది. పొద్దున లేవగానే ఎక్కువ. వంగి చెప్పులు తొడుక్కుంటే తల పగిలిపోతుందేమో అనిపిస్తుంది. ఇంకొకటి, చెప్తే నవ్వుతావేమో, చెవుల్లో చప్పుడు. హోరుమంటుంది, నాడి కొట్టుకున్నట్టు ఆగి ఆగి. మైపాడు బీచికి పోయినప్పుడు ఒడ్డున పడుకుంటే వినపడేదే, అలాంటిది. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే ఇంకా బాగా వినపడుతుంది.

నీకు చెవులు పోయేముందు ఇలాగే చప్పుడు వచ్చిందని చెప్పేదానివి కదా. అందుకే అడుగుతున్నాను. ఇది మందు వల్లేనంటావా? గిరిబాబును అడిగితే తలనొప్పి మాత్ర ఇచ్చాడు. వినీల డాక్టరు దగ్గరికి పోదామంటుంది. ఇప్పుడు పోతే సెలవు పెట్టాలి. మా వరుసలో పర్మనెంటు జాబితాలో ఆరుగురివే పేర్లున్నాయి, నాది అయిదోది.

నువ్వేమంటావో రాయి. నీ ఉత్తరం వచ్చేదాకా వేసుకుంటూనే ఉంటాను.

క్యాథరిన్


కొడవలూరు,
26 అక్టోబరు 2024

క్యాథరిన్ తల్లీ,

నీ ఉత్తరం చదివి చెవుల దగ్గర ఆగిపోయాను. రాత మీద వేలు పెట్టి మూడుసార్లు చదివాను. తరువాత స్థిమితంగా ఆలోచించాను.

నాకు చెవుల్లో వచ్చింది గుయ్యిమనే మోత, చిమ్మట అరిచినట్టు, ఆగకుండా. అది సూదుల వల్ల. సూది వేయించుకున్న వాళ్లకే చెవులు పోయాయి, నాతోపాటు వార్డులో ముగ్గురికి. మాత్రలు మింగిన వాళ్లలో ఎవరికీ పోలేదు. నీకు సూదులు వేస్తున్నారా? లేదు. నీది హోరు, ఆగి ఆగి వస్తుందన్నావు. అది వేరు. కాబట్టి ఆ మందును తప్పుపట్టకు. నా చెవులు పోయిన రోజున నేనూ ఇలాగే అనుకుని అన్ని మందులూ ఆపేస్తానంటే, డాక్టరమ్మ నా చెంప మీద కొట్టినంత పని చేసింది. చెవులకోసం ప్రాణం పోగొట్టుకుంటావా అని కాగితం మీద రాసింది. ఆ కాగితం ఇప్పటికీ ఉంది.

నీ తలనొప్పి కళ్ల నుంచి. రోజంతా సూది మొనంత అతుకులు చూస్తే ఎవరికి రాదు? నాకు కాజాలు కుట్టిన రోజున వస్తుంది. కళ్లకు బలం కావాలి. మన ఇంటికి చేపలు తెచ్చే సామ్రాజ్యం ఉంది కదా, ఇస్కపల్లి ఆమె. ఆమెకు చెప్పి సొరచేప కార్జం కాచిన నూనె తెప్పించాను. వాళ్ల పల్లెలో చూపు మందగిస్తే అదే తాగుతారు. అరవై దాటినా ఆమె సూదిలోకి దారం ఎక్కించడం నా కళ్లారా చూశాను. మన వీధి కుర్రాడు టైటస్ అటువైపు వస్తుంటే సీసా ఇచ్చి పంపుతున్నాను. పొద్దునొక చెంచా, రాత్రొక చెంచా తాగు. వాసనకు ముక్కు మూసుకో.

కార్డు పంపుతున్నాను. ఈసారి గడులు లెక్కపెట్టలేదు, అట్ట నిండా గీశాను.

నీ కోసం మోకాళ్ల మీద ఉన్నాను. అబిగయీలుకు చెప్పలేదులే.

అత్త


సూళ్లూరుపేట,
8 డిసెంబరు 2024

అత్తా,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. గీత మీద రాస్తున్నాననే అనుకుంటున్నాను.

సీసా అయిపోవచ్చింది. గదిలో అందరూ నన్ను చేపల బుట్ట అంటున్నారు. చెంచా సరిపోవడం లేదేమోనని రెండేసి తాగాను. తలనొప్పి తగ్గలేదు, పెరిగింది. వాంతులవుతున్నాయి. కూర్చుని లేస్తే కళ్ల ముందు బూడిద రంగు తెర పడుతుంది, అయిదారు అంకెలు లెక్కపెట్టేలోగా పోతుంది. మొన్నటిదాకా ఒక్కోసారి, ఇప్పుడు రోజూ.

గురువారం సాయంత్రం శ్రీహరికోట షారులో రాకెట్టు వదిలారు. హాస్టలు అమ్మాయిలందరం మిద్దె ఎక్కాము. నాకు రెండు కనబడ్డాయి. ఒకదాని పక్కన ఒకటి, రెండు పొగ గీతలు. ఎంత బాగుందో రెండు అన్నాను. వినీల నా చెయ్యి పట్టుకుని మెట్లు దించింది. కిందికి వచ్చాక ఒకటే వదిలారని చెప్పింది.

నవంబరులో ఫ్యాక్టరీలో కంటి పరీక్ష జరిగింది. నా ముందున్న అమ్మాయి చదివింది విని అదే అప్పచెప్పాను. ఎవరికీ చెప్పకు. పలకల మీద అతుకులు కనబడక, అలవాటు చొప్పున అన్నీ బాగున్నాయని పంపేస్తున్నాను. ఏదో ఒక రోజు దొరుకుతాను.

అత్తా, చిన్నప్పుడు మాత్రలు మింగలేక మంచం కింద పారేసేదాన్ని. ఇప్పుడు అలా తప్పించుకోవడానికి అడగడం లేదు. నాకు భయంగా ఉంది. ఈ కాప్సుల్ ఆపేయనా? ఆపమని నువ్వు ఒక్క మాట రాస్తే ఆపేస్తాను.

క్యాథరిన్


కొడవలూరు,
13 డిసెంబరు 2024

క్యాథరిన్‌కు,

మూడు రోజులుగా ఒకటే వాన. వీధిలో నీళ్లు నిలిచాయి, కోతకొచ్చిన వరి పడిపోయింది. పోస్టుమాన్ ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని నీ ఉత్తరం తెచ్చిచ్చాడు. అందుకే తిరుగు టపాలోనే రాస్తున్నాను.

రాకెట్టు సంగతి టైటస్‌ను అడిగాను. ఈసారి రెండు ఉపగ్రహాలు పంపారని పేపర్లో పడిందట. నీ స్నేహితురాలికి తెలియదేమో. ఊరికే బెదిరిపోకు.

నూనె రెండు చెంచాలు తాగుతున్నావు, మంచిదే. సామ్రాజ్యం ఇంకో సీసా ఇస్తుంది. వాంతులు ఆ వాసనకే అయివుంటాయి. అన్నం తిన్నాక తాగు.

ఇక నువ్వు అడిగింది. మంచం కింద మాత్రలు నాకూ గుర్తున్నాయి. అందుకే నీ మాట పూర్తిగా నమ్మలేకపోతున్నాను. ప్రతి కోర్సుకూ ఒక రోజు వస్తుంది, ఏదో ఒక సాకు దొరుకుతుంది. మీ నాన్నకు కడుపులో తిప్పడం సాకు. నాకు ఒళ్లు నొప్పులు సాకు. ఆపమని నేను రాయను. నా చేత్తో ఆ మాట రాయలేను. ఇన్నాళ్లు ఒక్క గడి వదలకుండా వచ్చి ఇప్పుడు వదిలితే నాలాగా అవుతావు. జనవరిలో ఆర్డరు చేతికొస్తుంది. అప్పుడు ధైర్యంగా సెలవు పెట్టు, నేనే వచ్చి నిన్ను నెల్లూరులో కంటి డాక్టరుకు చూపిస్తాను. కొత్త కళ్లజోడు పెట్టుకుని మన సంఘంలో నిలబడితే అందరూ టీచరమ్మ అనుకుంటారు.

క్రిస్మస్‌కు నీకు గంధం రంగు చుడీదారు కుట్టాను. మెడ దగ్గర చిన్న పువ్వులు వేశాను.

అత్త


చెన్నై,
19 జనవరి 2025

అత్తా,

చేతిరాత చూసి కంగారుపడకు. నేను చెబుతుంటే వినీల రాస్తోంది. క్రిస్మస్‌కు డ్యూటీ పడిందని అబిగయీలక్కకు ఫోనులో చెప్పించింది నేనే. అప్పటికే ఆస్పత్రిలో ఉన్నాను. నువ్వు వానలో ఒక్కదానివే చెన్నై వస్తావని చెప్పలేదు.

డిసెంబరు ఇరవై ఒకటిన ఫ్యాక్టరీ బస్సు దిగుతుంటే మెట్టు కనబడలేదు. పడ్డాను. లేచాక ఎడమ కంట్లో ఏమీ లేదు. వినీల నన్ను రైలెక్కించి ఇక్కడికి తెచ్చింది. తలలో ఉండే నీటి ఒత్తిడి పెరిగి కంటి నరాలు ఉబ్బాయట. వెన్నులో సూది పెట్టి నీళ్లు తీశారు. తరువాత ఆపరేషన్ చేశారు. ఇప్పుడు తలనొప్పి లేదు. హోరు లేదు. ఎడమ కంటికి వెలుగో చీకటో తెలుస్తుంది. కుడి కంటికి గొట్టంలోంచి చూసినట్టు కొంచెం కనబడుతుంది. అక్షరాలు మాత్రం నిలవవు. ఇంతకన్నా రావడం కష్టమన్నారు.

డాక్టరు గారు ఇది ఎవరికైనా రావచ్చన్నారు. కాప్సుల్ వల్ల కాదట, నూనె వల్ల కాదట. మన చేతిలో ఏమీ లేదట. నువ్వు మనసులో ఏమీ పెట్టుకోకు. గంధం రంగు చుడీదారు పంపు, వేసుకుంటాను.

నీ క్యాథరిన్

మగ్దలీనమ్మ గారికి,

పైన రాసింది క్యాథరిన్ చెప్పింది. ఇది నాది. నేను వినీలని. ఆమెకు తెలియకుండా రాస్తున్నాను, తప్పయితే మన్నించండి. డాక్టరు గారు అలా చెప్పలేదు. ఏ మందులు వాడుతున్నావని అడిగి, కాప్సుల్ పేరు చెప్పగానే చేతిలోని పెన్ను కింద పెట్టారు. అరుదుగా కొంతమందికి ఆ మందు తలలో ఒత్తిడి పెంచుతుందట. సొర నూనెలో ఉండే విటమిన్ ఏ ఎక్కువైతే అదీ అదే పని చేస్తుందట. రెండూ కలిపి అసలు వాడకూడదట. మొటిమలకు వాడేటప్పుడు ఎన్నాళ్లు వాడాలో, ఎప్పుడు ఆపాలో మధ్యమధ్యలో డాక్టరు చూసి చెప్పాలట, క్షయ కోర్సు లాంటిది కాదట. "తలనొప్పి, చెవిలో హోరు మొదలైన రోజే ఆపి వచ్చుంటే రెండు కళ్లూ నిలిచేవి" అన్నారు. ఆరు వారాలకు రమ్మని మొదటి డాక్టరు చెప్పలేదా అని అడిగితే, క్యాథరిన్ "చెప్పినాడు సార్, నేనే పోలేదు" అంది. మీ పేరు ఎత్తలేదు.

బయటికి వచ్చాక నాతో ఒకటే మాట అంది. "అత్తకు నిజం రాయొద్దు మే. ఆమె తట్టుకోలేదు."

ఇంకొకరికి ఇలా జరగకూడదనే నేను రాశాను. మా గదిలో ఇంకో ఇద్దరు గిరిబాబు షాపులో అదే కొనుక్కుని వేసుకుంటున్నారు. వాళ్లను డాక్టరు దగ్గరికి పంపాను.

వినీల


కొడవలూరు,
24 జనవరి 2025

వినీలా,

ఈ ఉత్తరం క్యాథరిన్‌కు చదివి వినిపించమ్మా. ఒక్క ముక్క కూడా వదలకు. నువ్వు రాసింది నాకు తెలిసిందని ఆమెకు తెలియాలి. నువ్వు చేసింది తప్పు కాదు.

క్యాథరిన్,

వినీలను కోప్పడకు. నువ్వు చెప్పించిన అబద్ధం చదివాను, ఆమె రాసిన నిజం చదివాను. నా మీద ప్రేమతో చెప్పిన అబద్ధమని తెలుసు. కాని నన్ను కాపాడటానికి నీ దగ్గర ఇంకేం మిగిలిందని తల్లీ.

నిన్న పొద్దున నీ ఉత్తరాలన్నీ మిషను మీద పరిచాను. తేదీల వారీగా పేర్చి చదివాను, పక్కన నా జవాబుల్లో ఏం రాశానో గుర్తు తెచ్చుకుంటూ. అక్టోబరులో నువ్వు నీ తల గురించి రాశావు. నేను నా చెవుల గురించి రాశాను. డిసెంబరులో నువ్వు నీ కళ్ల గురించి రాశావు. నేను మీ నాన్న గురించి రాశాను. భయంగా ఉంది అన్నావు. నేను మంచం కింద మాత్రలు గుర్తుచేశాను. ఒక్క మాట రాయమన్నావు. ఆ ఒక్క మాట రాయలేదు. ఏడుపు కూడా రావడం లేదు నాకు.

ఆపవద్దని నీకు రాసింది నేను. నూనె పంపింది నేను. డాక్టరు దగ్గరికి పోనక్కర్లేదని చెప్పింది నేను. దేవుడు చేశాడనీ, నీ రాత అనీ ఎవరైనా నీతో అంటే ఒప్పుకోకు. మందు ఆపడమంటే నాకు భయం. నా భయానికి కోర్సు అని పేరు పెట్టి నీ చేత రోజుకొకటి మింగించాను. టిక్కులు నిండిన కార్డులు బైబిల్లో పెట్టుకుని మురిసిపోయాను. వాటిని తీసి పొయ్యిలో పెట్టాను. సామ్రాజ్యం దగ్గరికి పోయి, మందులు వాడేవాళ్లకు ఆ నూనె ఇవ్వద్దని చెప్పాను. ఆమె ఏమందో నాకు వినపడలేదు. ఏడ్చింది.

నేను రాస్తే నీకు కనబడదు, నువ్వు మాట్లాడితే నాకు వినపడదు. మన మధ్య ఉన్నది ఈ కాగితమే. దాన్ని కూడా నేనే పాడు చేశాను.

సోమవారం పొద్దున రైలుకు టైటస్ నన్ను తీసుకొస్తున్నాడు. మిషను అమ్మేశాను. నువ్వు ఎక్కడుంటే అక్కడే ఉంటాను. నిన్ను ఇంటికి రమ్మని అడగను. వద్దు పొమ్మంటే వరండాలో కూర్చుంటాను. అక్కడ నాకు ఒకటే కోరిక ఉంది. నువ్వు చెప్పు, వినీల రాస్తుంది, నేను చదువుతాను. నెప్పి సంగతి, చీకటి సంగతి, నా మీద కోపం, నన్ను తిట్టాలనుకున్నవి, అన్నీ. ఏదీ మిగుల్చుకోకు. మధ్యలో నా మాట రాదు, నా చెవుల ఊసు రాదు. నువ్వు చెప్పడం అయిపోయిందని వినీల నా చేతి మీద తట్టేదాకా నేను నోరు తెరవను.

మగ్దలీనమ్మ